రెండు సర్టిఫికెట్ల నడుమ ఒక వేసవి

ఏప్రిల్ నెలాఖరుకు అనంతపురం పీఠభూమిలో చెరువులు పగుళ్లు వారతాయి. వేరుశనగ పొలాలు ఎర్రటి దుమ్ముగా మారతాయి. కూలీలు పని వెదుక్కుంటూ బెంగళూరు దారి పడతారు. ఊరు ఇలా సగం ఖాళీ అయ్యే కాలంలోనే బయటి నుంచి యువత ఊళ్లోకి వస్తుంది. డిగ్రీ విద్యార్థులు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం వస్తారు. చర్చి యువజన బృందాలు వేసవి శిబిరాల కోసం వస్తాయి. స్పెయిన్ వంటి దేశాల నుంచి, తాము ఆర్థికంగా తోడ్పడుతున్న పిల్లలను చూసేందుకు మరికొందరు వస్తారు. వీరిలో క్రైస్తవ విశ్వాసంతో వచ్చేవారు తమ పనిని ‘సేవ’ అనే పాత మాటతో కాక ‘సామాజిక న్యాయం’ అనే మాటతో చెప్పుకోవడం కొన్ని దశాబ్దాలుగా పెరిగింది. అమెరికా చర్చిల్లో ‘సామాజిక న్యాయ వేసవి ఇంటర్న్‌షిప్’ అనేది స్థిరపడిన ఏర్పాటు. ఆ మాట మీద నాకు అభ్యంతరం లేదు. అయితే న్యాయం అనే మాట వాడినప్పుడు అన్యాయం పేరేమిటో కూడా చెప్పవలసి ఉంటుంది. అనంతపురంలో ఆ పేరు కులం. వేసవికి వచ్చే క్రైస్తవ యువత ఆ పేరు పలుకుతున్నదా అన్నదే ఈ వ్యాసంలో నేను వేయదలచిన ప్రశ్న.

కరువును మనం సాధారణంగా ప్రకృతి ఖాతాలో రాసేస్తాం. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండుగా చేసి శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పాటు చేసినా, రెండు జిల్లాల ఆకాశం ఒక్కటే. అయితే ఒకే ఆకాశం కింద ఉన్నవారందరి మీదా ఒకే కరువు పడదు. బోరు వేయించగల భూమి ఎవరిది, ఆ బోరు ఎండిపోతే మరొకటి వేయించేందుకు అప్పు పుట్టేది ఎవరికి, పంట పోతే బీమా రాయించుకునే పట్టా ఎవరి పేరిట ఉంది అన్న ప్రశ్నలకు జవాబులను కులం ముందే రాసిపెట్టింది. మాల, మాదిగ కుటుంబాలకు దక్కిన డీకేటీ పట్టా భూమి తరచూ గుట్ట వాలున ఉన్న గులకరాళ్ల నేల. నీళ్ల ట్యాంకరు మొదట ఆగేది ఊరి నడుమ. గేరి వంతు ఆ తర్వాత. ఈ వరుస క్రమం తెలియకుండా కరువు తెలిసిందనుకుంటే అది వాతావరణ సమాచారమే అవుతుంది.

క్రైస్తవానికీ ఈ కరువు నేలకూ ఉన్న సంబంధం నిన్నటిది కాదు. లండన్ మిషనరీ సొసైటీ 1810లోనే బళ్లారిలో పని మొదలుపెట్టింది. 1876–78 మహాక్షామం నాటికి అనంతపురం బళ్లారి జిల్లాలోనే ఉండేది, 1882లో వేరుపడింది. ఆ క్షామం తెలుగు దళితుల మత చరిత్రను మలుపు తిప్పింది. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి కోసం మతం మారారన్న నింద నాటి నుంచి నేటి దాకా వినిపిస్తూనే ఉంది. అయితే బకింగ్‌హాం కాలువ తవ్వకంలో క్షామ పీడితులకు పని ఇప్పించిన మిషనరీ జాన్ క్లౌ, సహాయం సాగుతున్నంత కాలం బాప్తిస్మాలను ఆపివేశాడు. జనం వెల్లువగా వచ్చింది ఆ తర్వాతే. వారు అడిగినది అక్షరం, మనిషిగా పిలిపించుకునే పేరు, నలుగురితో కూర్చునే చోటు. ఇవి కడుపు నిండగానే తీరే అవసరాలు కావు. ఆ కోరికను చర్చి ఎంత మేరకు తీర్చింది, ఎంత మేరకు దాటవేసింది అన్నది నేటికీ తేలని లెక్క.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ లెక్కను కొత్తగా తెరిచినవాడు విన్సెంట్ ఫెర్రర్. బార్సిలోనాలో 1920లో పుట్టి, జెసూట్ సభలో చేరి, 1952లో భారతదేశానికి వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో కలిసి బావులు తవ్వించాడు. స్థానిక పెత్తందారులకు అది నచ్చలేదు. 1968లో దేశం విడిచి వెళ్లమని ఆదేశం వచ్చింది. వేలాది రైతులు బొంబాయికి పాదయాత్ర చేశారు. ఇందిరా గాంధీ జోక్యంతో తిరిగి వచ్చే వీలు కలిగి, 1969లో అనంతపురం చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించాడు. త్వరలోనే జెసూట్ సభను వీడాడు. 1970లో ఆన్ పెర్రీని వివాహమాడాడు. 2009 జూన్ 19న ఇక్కడే కన్నుమూశాడు. బత్తలపల్లిలో ఆయన సమాధి ఉంది. అంటే అతిథిగా వచ్చినవాడు నలభై ఏళ్లు ఉండి ఈ మట్టిలోనే కలిశాడు.

ఆర్డీటీ మత సంస్థ కాదు, చర్చి విభాగమూ కాదు. అయినా ఈ చర్చలో దాని ప్రస్తావన తప్పదు. క్రైస్తవ విశ్వాసం నుంచి బయలుదేరిన ఒక మనిషి, ఈ నేల మీద ఎవరి దగ్గర ఆగాలో తేల్చుకున్న తీరు అందులో కనిపిస్తుంది. దళితవాడల్లో, గిరిజన తండాల్లో పక్కా ఇళ్లు కట్టి వాటిని స్త్రీల పేరిట రాయించడం, ప్రభుత్వ బడికి తోడుగా వాడలోనే సాయంకాలపు బడి నడపడం, బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులలో ఆసుపత్రులు తెరవడం మామూలు దాతృత్వపు జాబితాలా కనిపించవచ్చు. ఆ జాబితాను కులం కళ్లతో చదివితే మరో సంగతి తెలుస్తుంది. ఊరి పెత్తందారు ఇంటి కన్నా గట్టి గోడలున్న ఇల్లు గేరిలో లేవడమంటే ఊరి భూగోళం మారడం. పొలంలో కూలికి దిగవలసిన పిల్ల సాయంత్రం పుస్తకం ముందు కూర్చోవడమంటే మరుసటి తరపు కూలి రేటు మారడం. విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణలో చిక్కులు వచ్చి, 2025లో ఆ సంస్థ భవిష్యత్తు మీద సందేహం కమ్ముకున్నప్పుడు అనంతపురం వీధుల్లోకి జనం ఎందుకు వచ్చారో ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.

అయితే నలభై ఏళ్లు ఉండిపోవడం ఒకటి, ఎనిమిది వారాలు ఉండి వెళ్లడం మరొకటి. ఫెర్రర్‌ను మన దేశం నుంచి పంపివేసిన 1968లోనే, ఆ ఏప్రిల్‌లో, మెక్సికోలో మరో కాథలిక్ గురువు ఇవాన్ ఇల్లిచ్ అమెరికా విద్యార్థుల సభలో మాట్లాడాడు. వారు వేసవిలో మెక్సికో పల్లెల్లో సేవ చేసేందుకు సిద్ధమవుతున్న సదుద్దేశపరులు. ఆయన వారిని పొగడలేదు. మీ మంచి ఉద్దేశాలను మీ దగ్గరే ఉంచుకోండి, చూడడానికి రండి, నేర్చుకోవడానికి రండి, సహాయం చేయడానికి మాత్రం రాకండి అన్నది ఆయన ప్రసంగ సారం. భాష రాని, అక్కడి జీవితం తెలియని యువకులు పేదల మీద తమ జీవన విధానాన్ని రుద్ది వస్తారన్నది ఆయన భయం. ఆ విమర్శను అర్ధశతాబ్దం తర్వాత అనంతపురంలో నిలబడి చదివినా పాతబడినట్టు అనిపించదు. దుభాషి ‘గేరి’ అన్న మాటను పరాయి భాషలోకి ‘గ్రామం’ అని మారిస్తే, ‘మాదిగ’ అన్న మాటను ‘పేద’ అని మారిస్తే, వచ్చినవారికి పేదరికం కనిపిస్తుంది గాని దానికి కారణం కనిపించదు.

ఇల్లిచ్ మాటతోనే చర్చ ముగిసిపోదు. దానికి నాలుగేళ్ల ముందు, 1964లో, మిసిసిపీ రాష్ట్రంలో జరిగిన ‘ఫ్రీడం సమ్మర్’ మరో దారి చూపింది. నల్లజాతీయుల ఓటు నమోదు కోసం ఉత్తరాది నుంచి దాదాపు వెయ్యి మంది విద్యార్థులు, అత్యధికులు శ్వేతజాతీయులు, ఒక వేసవి పాటు అక్కడికి వెళ్లారు. ఒహాయోలో జరిగిన వారి శిక్షణకు అమెరికా చర్చిల జాతీయ మండలి అండగా నిలిచింది. జూన్ 21న ముగ్గురు కార్యకర్తలను జాత్యహంకారులు చంపేశారు. జేమ్స్ చేనీ స్థానిక నల్లజాతి యువకుడు; ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ న్యూయార్క్ నుంచి వచ్చిన శ్వేతజాతీయులు. ఆ వేసవిలో సుమారు 17,000 మంది నల్లజాతీయులు ఓటు నమోదుకు ప్రయత్నిస్తే, అధికారులు అంగీకరించినవి దాదాపు 1,600 దరఖాస్తులే. అంకెల్లో చూస్తే అది ఓటమి. మరుసటి ఏడాది వచ్చిన ఓటు హక్కుల చట్టం వెనుక మాత్రం ఆ వేసవి ఉంది.

ఆ వేసవికీ, ఇల్లిచ్ తిట్టిన వేసవికీ తేడా ఎక్కడుంది? మిసిసిపీలో పిలిచినవారు స్థానిక నల్లజాతి ఉద్యమకారులు. పని ఏమిటో నిర్ణయించినవారూ వారే. వచ్చినవారు గోడలకు రంగులు వేయలేదు, హక్కుకు అడ్డుపడుతున్న కార్యాలయం గడప దగ్గరికి జనంతో కలిసి నడిచారు. ఆ నడకకు మూల్యం కూడా చెల్లించారు. మరో చేదు పాఠమూ ఉంది. నల్లజాతీయులు ఎందరు హతమైనా కదలని దేశం, ఇద్దరు శ్వేతజాతీయులు కూడా మాయమైతే కదిలింది. ఎవరి చావు వార్త అవుతుందో నిర్ణయించే వ్యవస్థ మనకూ తెలిసినదే. కారంచేడు, చుండూరు ఉదంతాలు చదివిన విద్యార్థికి ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు.

మన దగ్గరా ఈ మలుపు వచ్చింది. 1924లో మద్రాసులో పుట్టిన కాథలిక్ విశ్వవిద్యాలయ విద్యార్థుల సమాఖ్య ‘ఐకఫ్’, 1970లో పూనమల్లి సమావేశంలో అన్యాయమైన సమాజాన్ని మార్చడమే విద్యార్థి కర్తవ్యమని ప్రకటించింది. 1975 నాటికి జెసూట్ సభ తన సర్వసభ్య సమావేశంలో విశ్వాస సేవకు న్యాయ సాధన విడదీయరాని భాగమని తీర్మానించింది. అనంతపురం జిల్లాలోనే, ఏ చర్చికీ చెందని యంగ్ ఇండియా ప్రాజెక్ట్ పెనుకొండ కేంద్రంగా వ్యవసాయ కూలీలను సంఘాలుగా కూడగట్టింది. దానం పుచ్చుకునేవాడు హక్కు అడిగేవాడిగా మారాలన్న ఆలోచన ఈ నేలకు కొత్త కాదన్నమాట. ఆ ఆలోచన ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నదన్నదే సందేహం.

ఇక అసలు విషయానికి వస్తాను. వేసవి పని ముగించుకున్న క్రైస్తవ యువకుడికి ఒక సర్టిఫికెట్ దక్కుతుంది. తన విశ్వాసం ప్రేరణగా సమాజానికి సేవ చేశాడని అందులో రాసి ఉంటుంది. అది అతని పై చదువుకూ ఉద్యోగానికీ పనికొస్తుంది. అతనికి అన్నం పెట్టిన గేరిలో, అదే ప్రభువును ఆరాధించే కుటుంబానికి మరో సర్టిఫికెట్ కావాలి. తహసీల్దారు ఇచ్చే ఎస్సీ కుల ధ్రువీకరణ పత్రం అది. విశ్వాసాన్ని బయటికి చెప్పినందుకు ఒకరికి పత్రం వస్తుంది. అదే విశ్వాసాన్ని బయటికి చెబితే మరొకరి పత్రం పోతుంది. అందుకే ఎన్నో దళిత కుటుంబాల్లో ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడి రిజిస్టరులోని పేరు మరొకటి. ఆదివారం చర్చిలో ఒక మనిషి, సోమవారం మండల కార్యాలయంలో మరో మనిషి. దీనిని మోసం అని పిలిచేవారు, ఆ మనిషిని రెండుగా చీల్చిన చట్టాన్ని ఒకసారి చదవాలి.

ఆ చట్టం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డు కులాల వారు కారని దాని మూడో పేరా చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు లభించింది. క్రైస్తవులకు, ముస్లింలకు లభించలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. దళిత క్రైస్తవుల పిటిషన్లు 2004 నుంచి సుప్రీంకోర్టులో ఉన్నాయి. 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వచ్చింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని కేంద్రాన్ని కోరుతూ తీర్మానించింది. రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలకు ఇప్పుడున్నది బీసీ–సీ జాబితాలోని ఒక్క శాతం రిజర్వేషన్.

రిజర్వేషన్ కన్నా దగ్గరి ప్రమాదం ఇంకొకటి ఉంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు ఫిర్యాదుపై నమోదైన కేసును కొట్టివేస్తూ, క్రైస్తవంలోకి మారిన వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది. క్రైస్తవంలో కులం లేదన్నది దీని వెనుక ఉన్న వాదం. సిద్ధాంతంగా ఆ మాట అందంగా ఉంది. అయితే కులం పేరుతో తిట్టేవాడు ఎదుటివాడి బాప్తిస్మ పత్రం అడిగి తిట్టడు. కొట్టేవాడికి తాను కొడుతున్నది ఏ గేరి మనిషినో తెలుసు, చాలు. దెబ్బ కులాన్ని చూసి పడుతుంది, రక్షణ మతాన్ని చూసి ఆగిపోతుంది. ఈ ఒక్క వాక్యం అర్థం కాని సామాజిక న్యాయ శిక్షణకు వేసవి సెలవులు వెచ్చించడం వృథా.

క్రైస్తవంలో కులం లేదన్న మాటను న్యాయస్థానం కన్నా ముందు చర్చే రుజువు చేయవలసి ఉంది. ఆ రుజువు దాని దగ్గర లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెసూట్లు తెలుగు సీమలో రెడ్డి కుటుంబాలకు బాప్తిస్మం ఇచ్చినప్పుడే కులం కూడా వారితో పాటు గుడి లోపలికి వచ్చి కూర్చుంది. తిరుచ్చిలో శ్మశానాన్ని చీల్చిన గోడ సంగతి దేశానికంతా తెలుసు. భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో విడుదల చేసిన దళిత విధాన పత్రం, చర్చి లోపల వివక్ష కొనసాగుతున్నదని అంగీకరించింది. కర్నూలు బిషప్పుగా పనిచేసిన పూల ఆంథోనీ 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ ఆయనే. అనంతపురం కూడా ఆ కర్నూలు మేత్రాసన పరిధిలోనిదే. సంతోషించవలసిన విషయమే. అయితే విశ్వాసుల్లో ఇంత పెద్ద సంఖ్యలో దళితులున్న భారత చర్చికి ఆ ‘తొలి’ అన్న మాట రాయడానికి 2022 దాకా పట్టిందన్న సంగతిని కూడా ఆ సంతోషం పక్కనే రాసుకోవాలి.

విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పేవాడిగా, మతంతో నిమిత్తం లేని వేసవి ప్రాజెక్టుల్లోనూ ఇదే మౌనం చూస్తున్నాను. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ పాఠ్యప్రణాళికలో మొదటి సంవత్సరం తర్వాతి వేసవికి 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. మంచి ఆలోచన. నా బల్ల మీదికి వచ్చే నివేదికల్లో మరుగుదొడ్ల లెక్క ఉంటుంది, ప్లాస్టిక్ వాడకం ఉంటుంది, డిజిటల్ అక్షరాస్యత ఉంటుంది. ట్యాంకరు ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్న ఉండదు. శ్మశానానికి దారి ఎవరి పొలం గుండా వెళ్తుందన్న ప్రశ్న ఉండదు. టీ కొట్టులో గ్లాసులు ఎన్ని రకాలన్న ప్రశ్న ఉండదు. ఈ ప్రశ్నలు వేస్తే గొడవలవుతాయని విద్యార్థులకు పెద్దలు ముందే చెబుతారు. గొడవ అవుతుందంటే అక్కడ అన్యాయం ఉందనే కదా అర్థం.

ఇన్ని మాటలు చెప్పి యువతను రావద్దనడం నా ఉద్దేశం కాదు. వేసవిలో కదిలే ఇరవై ఏళ్ల మనసు ఏ సమాజానికైనా ఆస్తి. నేను కోరేది కొన్ని షరతులు. మొదటిది, పిలుపు గేరి నుంచి రావాలి. దళిత మహిళా సంఘం, కూలీల సంఘం, స్థానిక యువకులు తమకు కావలసిన పని చెప్పాలి. వచ్చినవారు వారి దగ్గర పనివారిగా ఉండాలి. రెండవది, చేతిపనితో పాటు కాగితపు పనీ చేయాలి. డీకేటీ పట్టా అన్యాక్రాంతమైన తీరు, ఆగిపోయిన ఉపకారవేతనం, నమోదు కాని అత్యాచారం ఫిర్యాదు, వీటి వెంట కార్యాలయాల మెట్లెక్కడం ఒక గోడకు సున్నం వేయడం కన్నా విలువైన సేవ. మూడవది, రాసిన నివేదిక మొదట ఆ ఊరికే తెలుగులో చదివి వినిపించాలి. ఊరి వారు తప్పన్నది దిద్దిన తర్వాతే అది కళాశాలకో చర్చికో చేరాలి.

నాలుగవ షరతు కష్టమైనది. తిరిగి వెళ్లాక యువకుడు తన సొంత చర్చిలో, సొంత ఇంట్లో అదే ప్రశ్న వేయాలి. మన సంఘ కమిటీలో ఎవరున్నారు, మన క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో కులం ఎందుకుంది, 1950 ఉత్తర్వు మీద మన సంఘం ఏనాడైనా నోరు విప్పిందా? విదేశీ యువకుడైతే, తన నగరంలో స్థిరపడిన భారతీయ క్రైస్తవ సంఘాల్లోనూ అదే అడగవచ్చు. ఎనిమిది వారాలు అనంతపురం ఎండను భరించినవారికి ఆ ప్రశ్న వేయడమే ఎక్కువ వేడిగా తగలవచ్చు.

దీన్నంతా మతమార్పిడి వ్యవహారంగా కొట్టిపారేయాలని చూసేవారు ఉంటారు. వారికి ఒక జవాబు చాలు. దళితుడు ఏ దేవుడిని మొక్కాలో నిర్ణయించే అధికారం చర్చికీ లేదు, రాజ్యానికీ లేదు. అతని అంతరాత్మ మీద శాసనం ఉండరాదు. అతని ఒంటి మీద పడే దెబ్బ మీద మాత్రం తప్పక ఉండాలి. ఇప్పుడున్న ఏర్పాటు సరిగ్గా తలకిందులుగా ఉంది.

రానున్న వేసవికి కూడా యువతీయువకులు వస్తారు. చివరి రోజున వారి చేతికి పత్రం అందుతుంది, ఛాయాచిత్రాలు తీస్తారు. ఆ పత్రాన్ని సంచిలో పెట్టుకునే ముందు, తమకు ఆతిథ్యమిచ్చిన ఇంటి బీరువాలో ఏ పత్రం ఏ భయంతో దాచి ఉందో వారు అడిగి తెలుసుకుంటే, ఆ వేసవికి సామాజిక న్యాయం అన్న పేరు తగినదే అవుతుంది.